నైరుతి మూల గుంత

లారీ దించిన సామాను ఇంకా గేటు దగ్గరే ఉంది. లోపల కామేశ్వరి గారు పాలు పొంగిస్తున్నారు. సరిగ్గా ఆ సమయానికి ఒక చేతిలో ఆకుపచ్చ బకెట్, ఇంకో చేతిలో ఎర్ర బకెట్, చంకలో వేపమొక్క, మెడలో కొలత టేపుతో ఒక అమ్మాయి గేటు తోసుకుని లోపలికి వచ్చింది.

"మాకొద్దండి," అన్నాడు విశ్వతేజ, బీరువాని ఒక వైపు ఎత్తి పట్టుకుని.

"ఏమొద్దు?"

"బకెట్లు. మాకున్నాయి."

"నేనమ్మితే గద సార్, మీరు వద్దనేది. ఇవి ఊకెనే ఇస్తరు. ఆకుపచ్చ దాంట్ల తడి చెత్త, ఎర్ర దాంట్ల పొడి చెత్త. రెండు కలిపిన్రంటే మాత్రం మళ్ళ మీ గడపల్నే తెచ్చి పోస్త."

"గృహప్రవేశం రోజు చెత్త గురించి మాట్లాడతారా ఎవరైనా?"

"చెత్త ఇయ్యాల్టి నుంచే మొదలైతది గద," అంది ఆ అమ్మాయి, బకెట్లు రెండూ గుమ్మం పక్కన పెట్టేసి.

అది రెండువేల నాలుగు మార్చి. గుండ్లపోచంపల్లి దాటాక నాగపూర్ రోడ్డు వదిలి ఓ కిలోమీటరు లోపలికి పోతే హరితనగర్ వస్తుంది. నగర్ అని గొప్పగా పెట్టుకున్నారు గానీ, అప్పటికి ఉన్నవి తొంభై రెండు ఇళ్ళు, ఒక కిరాణా కొట్టు, సాలమ్మ పిండి గిర్ని. ఆశలు మాత్రం మహానగరానికి సరిపడా ఉన్నాయి. ప్లాస్టిక్ కవర్లు వాడకూడదు. చెత్త కలపకూడదు. ప్రతి ఇంట్లో ఇంకుడు గుంత ఉండాలి, వాన నీరు చుక్క కూడా కాలనీ దాటకూడదు. తణుకు నుంచి వచ్చినా, కరీంనగర్ నుంచి వచ్చినా, కూతవేటు దూరంలోని సూరారం నుంచి వచ్చినా, కొత్తవాళ్ళకి మొదటి పూట భోజనం కాలనీయే పెట్టాలి. వీటిలో ఎవరూ గుర్తు చేయకుండా అమలయ్యేది ఈ చివరిదొక్కటే.

మిగతావన్నీ గుర్తు చేయడానికి కాలనీ సంఘం వాళ్ళు ఈ బకెట్ల అమ్మాయి రెబెక్కాని పెట్టుకున్నారు. ఆమె తండ్రి పరంజ్యోతి బోర్ల మేస్త్రీ. ఆ కాలనీలో సగం బోర్లు ఆయన వేసినవే. మూడేళ్ళు తిరక్కుండానే వాటిలో సగం ఎండిపోతే, పెద్దాయనకి నిద్ర పట్టలేదు. "భూమికి చిల్లులు పెట్టి పెట్టి నేనే గుల్ల జేసిన. ఇగ నీళ్ళు లోపల్కి పంపుడే నా పని," అని ఇంటింటికీ తిరిగి ఇంకుడు గుంతలు తవ్వించడం మొదలుపెట్టాడు. ఆ పట్టుదల కూతురికీ వచ్చింది. గుంతలో ఇనుప చువ్వ దించి, ఆరడుగులు ఉందని కళ్ళారా చూస్తే గానీ రెబెక్కా రిజిస్టర్లో సంతకం పెట్టేది కాదు. ఆమె సంతకం ఉందంటే గుంత ఉన్నట్టే. కాలనీలో ఆ మాట మీద ఎవరికీ అనుమానం లేదు.

ఆ రోజు రెబెక్కా ఇంటి చుట్టూ తిరిగి, నేల వాలు చూసి, వెనక మూలన సున్నంతో గుండ్రంగా గీత గీసింది.

"ఇక్కడ తవ్వాలె సార్. నీళ్ళన్ని ఈ దిక్కే వస్తయి."

అప్పుడే పెరట్లోకి వచ్చిన యజ్ఞనారాయణ గారు ఆ గీత చూసి ఆగిపోయారు. ఆయన విశ్వతేజ తండ్రి. తణుకులో కాలవల శాఖలో ముప్పై ఏళ్ళు పని చేసి రిటైరయ్యారు.

"అక్కడా? నైరుతిలో గొయ్యా? ఇంటి పెద్దకి కీడమ్మా అది!"

"నేల గిట్లనే వాలింది సార్. నేనేం జేయాలె?"

"అసలు నీళ్ళని భూమిలోకి పంపడమేవిటి, విడ్డూరం కాకపోతే! మా ఊళ్ళో పన్నెండడుగులు తవ్వితే నీళ్ళే నీళ్ళు."

"మా ఊర్ల మూడొందల అడుగులు తవ్వితే దుమ్మొస్తది సార్."

పెద్దాయన ఏదో అనబోయారు. ఇంతలో సాలమ్మ జొన్నరొట్టెలు, వంకాయ కూర తెచ్చింది. కామేశ్వరి గారు జీవితంలో మొదటిసారి జొన్నరొట్టె నమిలి, "బాగుందమ్మా, కాస్త పళ్ళతో పనుంది," అన్నారు. అందరూ నవ్వారు. గుంత సంగతి ఆ పూటకి వాయిదా పడింది.

ఆ పూటకేమిటి, ఏప్రిల్ అంతా వాయిదా పడుతూనే వచ్చింది.

విశ్వతేజ తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబ్‌లో పని చేసేవాడు. పొద్దున ఏడున్నరకి కాలనీ గేటు దగ్గరికి కంపెనీ సుమో వచ్చేది. ఆ వేళకే రెబెక్కా గేటు పక్కనున్న బోరులోకి తాడు వదిలి, నీళ్ళెంత లోతున ఉన్నాయో కొలుస్తూ ఉండేది. ఆమె కొలవాల్సింది నెలకోసారే. అయినా ఏప్రిల్‌లో ఏడుసార్లు కొలిచింది. అతను ఏడింటికే వచ్చి నిలబడేవాడు. ఇద్దరిలో ఎవరూ దీని గురించి ఏమీ అనుకోనట్టే ఉండేవాళ్ళు.

"ఈరోజు ఎంతండీ?"

"రెండొందల పన్నెండు."

"నిన్న కూడా అంతే కదా?"

"నిన్న కొలిచినట్టు మీకెట్ల తెల్సు? నిన్న ఆదివారం. మీకు సెలవు."

విశ్వతేజ గబగబా సుమో ఎక్కేశాడు.

ఒకసారి అతను సాంబారు పొట్లం ఎర్ర బకెట్లో వేశాడు. రెబెక్కా అన్నంత పనీ చేసింది. బకెట్ తెచ్చి గడపలో బోర్లించి, "సాంబారు పొడిగ ఉంటదా మీ ఊర్ల?" అని అడిగింది. అతను వంగి ఒక్కొక్కటీ ఏరుతూ ఉంటే, తనూ కూర్చుని ఏరింది. చేతులు కడుక్కునే వేళకి అతను ఆమెతో అండీ అనడం మానేశాడు. ఆమె అతన్ని సార్ అనడం మానేసింది.

అతనంటే ఆమెకి ఇష్టం. ఆ సంగతి ఆమెకి తెలుసు. అతను తణుకు మనిషి, తను ఆదివారం మేడ్చల్ చర్చిలో పాటలు పాడే మనిషి అనీ తెలుసు. అందుకే ఆ ఇష్టాన్ని ఎవరికీ కనిపించనివ్వకూడదని అనుకుంది.

మే ఆఖరికి తొంభై ఒక్క ఇళ్ళలో గుంతలు అయిపోయాయి. మిగిలింది విశ్వతేజ వాళ్ళదొక్కటే. సంఘం అధ్యక్షుడు కుర్మయ్య రోజూ అడిగేవాడు.

ఒక శనివారం విశ్వతేజే ఎదురొచ్చాడు. "మన గుంత అయిపోయింది, రెబెక్కా. వచ్చి చూసుకో."

వెళ్ళి చూస్తే నైరుతి మూలన సిమెంటు ఒర, చుట్టూ కంకర, పైన చిల్లుల మూత, అన్నీ పద్ధతిగా ఉన్నాయి.

"మీ నాయిన ఒప్పుకున్నడా?"

"ఆయన్ని నేను చూసుకుంటాలే. ముందు కాఫీ తాగు, చల్లారిపోతోంది."

కామేశ్వరి గారి కాఫీ బాగుంది. అతను ల్యాబ్‌లో ఎలుకలు తప్పించుకున్న కథ చెప్పాడు. అందులో వాళ్ళ మేనేజర్ టేబులెక్కి నిలబడ్డాడట. రెబెక్కా కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ నవ్వుతోనే రిజిస్టర్ తీసి సంతకం పెట్టింది. చువ్వ గోడకి ఆనించినది ఆనించినట్టే ఉండిపోయింది.

మర్నాడు గేటు దగ్గర బోర్డు మీద కుర్మయ్య పెద్ద అక్షరాలతో రాయించాడు: తొంభై రెండు ఇళ్ళు, తొంభై రెండు గుంతలు.

జూన్ రెండోవారంలో వాన పడింది. మామూలుగా పడలేదు. మధ్యాహ్నం మూడింటికి మొదలై, ఇక తనకి వేరే పనేమీ లేనట్టు కురిసింది. రెబెక్కా గొడుగు కూడా వేసుకోకుండా, చువ్వ పట్టుకుని వీధులన్నీ తిరిగి చూసింది. ప్రతి ఇంట్లో నీళ్ళు మూతల చిల్లుల్లోంచి గుటగుటా దిగిపోతున్నాయి. ఆమె సంతోషానికి హద్దు లేదు. సరిగ్గా అప్పుడు సాలమ్మ కేక వినిపించింది.

"ఓ రెబెక్కా! జల్దీ రావె! గిర్నిల నీళ్ళొచ్చినయ్!"

సాలమ్మ ఇల్లు విశ్వతేజ వాళ్ళ ఇంటికి పడమటి పక్కన, పల్లంలో ఉంటుంది. గోడ కింద నుంచి నీళ్ళు దూసుకొస్తున్నాయి. జనాలు పిండి పట్టించుకోవడానికి ఇచ్చిన జొన్నలు, గోధుమలు సంచులతో సహా నానిపోయాయి. రెబెక్కా పరిగెత్తుకుంటూ విశ్వతేజ వాళ్ళ పెరట్లోకి వెళ్ళింది. గుంత మూత మీద మోకాలి లోతు నీళ్ళు నిలబడ్డాయి. ఒక్క చుక్క దిగడం లేదు.

ఆమె చువ్వ తీసి మూత చిల్లులోంచి దించింది. జానెడు దిగి ఠక్కున ఆగిపోయింది.

విశ్వతేజ వెనకే వచ్చి నిలబడ్డాడు. తడిసి ముద్దయ్యాడు.

"గుంత ఏది?" అంది రెబెక్కా.

అతను మూత వైపే చూస్తున్నాడు.

"గుంత ఏది, తేజా? ఇనబడ్తలేదా, నేను నిన్నడుగుతున్న!"

"లేదు. ఒట్టి మూతే. మైసయ్య మేస్త్రీతో పైపైన పెట్టించాను."

"మీ నాయినకు ఎరుకేనా?"

"ఆయనకి గొయ్యి లేదని చెప్పాను. నీకు ఉందని చెప్పాను. జనవరిలో ఆయన గుండెకి ఆపరేషన్ అయింది రెబెక్కా. నైరుతిలో గొయ్యి తవ్వితే తను పోతానని భయం. పైకి శాస్త్రమని వాదిస్తారు గానీ, రాత్రిళ్ళు లేచి గుండె మీద చెయ్యేసుకుని కూర్చుంటారు. ఆయన్ని భయపెట్టలేను. నిన్ను పోగొట్టుకోలేను. అందుకే ఇద్దరికీ చెరో మాట చెప్పాను."

"నాకు గీ ముక్కే ముందుగాల చెప్తే ఏం పోయేది? ఇద్దరం కలిసి ఏదో తోవ చూసేటోళ్ళం. నన్ను పోగొట్టుకోవద్దని నాతోనే అబద్ధమాడినవా?"

ఆమె ఏడ్చింది. వానలో ఏడుస్తోందని అతనికి తెలియదని అనుకుంది గానీ, అతనికి తెలిసింది.

మర్నాడు సాయంత్రం సంఘం సమావేశం జరిగింది. సాలమ్మ తడిసిన జొన్నలు తెచ్చి బల్ల మీద పోసింది. ఒకాయన లేచి, "బయటి నుంచి వచ్చినోళ్ళకు ఇక్కడి కష్టమేం తెలుస్తది? వాళ్ళ నల్లా కట్ చేయుండ్రి," అన్నాడు. నలుగురైదుగురు అవునన్నారు. అలా అన్నవాళ్ళలో సగం మంది కిందటేడు బయటి నుంచి వచ్చినవాళ్ళే.

రెబెక్కా లేచి నిలబడింది.

"తప్పు వాళ్ళదొక్కటే కాదు. సంతకం నాది. చువ్వ పెట్టి చూడలే. చూడకుంటనే సంతకం పెట్టిన. రిజిస్టర్ తీస్కోండ్రి. ఇగ నా సంతకాన్ని ఎవ్వరు నమ్మరు, నమ్మొద్దు."

"ఎందుకు చూడలేదు బిడ్డా?" అన్నాడు కుర్మయ్య, మెల్లగా.

ఆమె రిజిస్టర్ తెచ్చి బల్ల మీద, తడిసిన జొన్నల పక్కన పెట్టింది. వెనక వరసలో కూర్చున్న పరంజ్యోతి కూతురి ముఖం చూసి, తల దించుకుని చెప్పుల వైపు చూశాడు. ఆయనకి అర్థమైంది.

కుర్మయ్య తీర్పు చెప్పాడు. ఆదివారం దాకా గడువు. ఆ లోపు గుంత ఉంటే సరి, లేకపోతే ఆ ఇంటికి కాలనీ నీళ్ళు బంద్. రిజిస్టర్ సంగతి కూడా ఆ రోజే తేలుస్తారు.

విశ్వతేజ ఆ రాత్రి తండ్రికి జరిగిందంతా చెప్పబోయి, ఆయన మందులు వేసుకుంటూ ఉంటే చూసి ఆగిపోయాడని తర్వాత కామేశ్వరి గారే చెప్పారు. మూడు రోజులు అతను గేటు దగ్గర ఏడింటికే నిలబడ్డాడు. రెబెక్కా బోరు దగ్గరికి రాలేదు.

ఆమె ఇంట్లో కాలనీ నక్షా పరుచుకుని కూర్చుంది. కోపం తగ్గలేదు. కానీ గుండె మీద చెయ్యేసుకుని కూర్చునే ఆ పెద్దమనిషి కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. తొంభై రెండు గుంతలకీ తనే నీలం చుక్కలు పెట్టింది. విశ్వతేజ వాళ్ళ ప్లాటు నైరుతి మూలన ఉన్న చుక్క దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూసింది. అక్కడ నాలుగు ప్లాట్లు ఒకే హద్దురాయి దగ్గర కలుస్తున్నాయి.

"బాపూ," అని పిలిచింది. "గీ ఎదురు మూల ప్లాటు మనదే గద?"

"డెబ్బై ఒకటా? నీదే గద. నీ పేరు మీదనే ఉన్నది. ఎందుకే?"

"వాళ్ళ నైరుతి మన ప్లాటుకు ఏ మూలైతది?"

పరంజ్యోతి కళ్ళజోడు పెట్టుకుని నక్షా తిప్పి చూశాడు. తర్వాత కూతురి వైపు చూశాడు. "ఈశాన్యం," అన్నాడు. అని, నవ్వాపుకోవడానికి మీసం సర్దుకున్నాడు.

శుక్రవారం పొద్దున ఆయనే యజ్ఞనారాయణ గారి ఇంటికి వెళ్ళాడు. రెబెక్కా గేటు బయటే నిలబడింది.

"సార్, మీ స్థలంల గుంత వద్దు. తవ్వము. గోడ కింద నుంచి ఒక పైపు వేస్తం. నీళ్ళు అవతల మా ప్లాటుకు పోతయి. అక్కడ మాకది ఈశాన్యం."

యజ్ఞనారాయణ గారు అనుమానంగా చూశారు. "మీరు చర్చికి వెళ్ళేవాళ్ళు కదా? మీకు ఈశాన్యంతో పనేవిటి?"

"నేను నమ్మేది ఇసుక, కంకర సార్. కానీ మీరు భయంతోని బతుకుడు నాకు మంచిగనిపిస్తలేదు."

తన భయం గురించి బయటివాడొకడు అంత మామూలుగా మాట్లాడతాడని పెద్దాయన ఊహించలేదు. లోపలికి వెళ్ళి వాస్తు పుస్తకం తెచ్చి, పొద్దుపోయేదాకా తిరగేశారు. చివరికి గొయ్యి గురించి రాశారు గానీ గొట్టం గురించి ఎక్కడా రాయలేదని తేల్చారు.

శనివారం తవ్వకం మొదలైంది. పార పట్టినవాళ్ళు ఇద్దరే, పరంజ్యోతి, విశ్వతేజ. ల్యాబ్‌లో చేతి తొడుగులు వేసుకుని గాజు గొట్టాలు పట్టే చేతులకి గంటలో బొబ్బలెక్కాయి. రెబెక్కా గట్టు మీద నిలబడి చూసింది.

"రెబెక్కా, కాసిని మంచినీళ్ళు," అన్నాడు విశ్వతేజ.

ఆమె చెంబు తెచ్చి వాళ్ళ నాన్న చేతికిచ్చింది.

ఆదివారం పన్నెండు గంటలకి, ప్రార్థన నుంచి వచ్చాక, గుంత పూర్తయింది. కుర్మయ్య వచ్చాడు. సాలమ్మ వచ్చింది. వీధిలో వాళ్ళూ చేరారు. కుర్మయ్య గుంతలోకి తొంగి చూసి, రిజిస్టర్ రెబెక్కా చేతిలో పెట్టాడు. "తప్పు నలుగుర్ల ఒప్పుకున్నదానివి. నీకంటె ఎవరికిస్తం? కొలిచి సంతకం పెట్టు."

ఆమె కొలిచింది. రెండుసార్లు కొలిచింది. సంతకం పెట్టింది.

యజ్ఞనారాయణ గారు హద్దు గోడ మీదుగా వంగి ఆ గుంతని, అందులోకి వస్తున్న తమ ఇంటి పైపుని తృప్తిగా చూశారు. "ఈశాన్యంలో నీళ్ళు. ఈ స్థలంలో ఇల్లు కట్టినవాళ్ళు చల్లగా ఉంటారు. ఎవరుంటారండీ ఇక్కడ?"

"నా బిడ్డ సార్," అన్నాడు పరంజ్యోతి.

విశ్వతేజ పార కింద పడేశాడు. ఒళ్ళంతా మట్టి.

"నాన్నగారూ, మీకో మాట చెప్పాలి. మీ ముందు ఒకటి, ఈ అమ్మాయి ముందు ఒకటి చెప్పి సాలమ్మ గిర్ని ముంచింది నేనే. ఇకమీదట ఎవరి ముందైనా ఒకటే మాట చెప్తాను. ఈ స్థలంలో ఇల్లు కడితే అందులో నేనూ ఉండాలనుకుంటున్నాను. రెబెక్కా ఒప్పుకుంటే."

సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యజ్ఞనారాయణ గారి చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. కామేశ్వరి గారు గాభరాగా అడుగు ముందుకేశారు. ఆయన చెయ్యి కాసేపు అక్కడే ఉంచి చూసుకుని, కిందికి దించారు.

"బాగానే కొట్టుకుంటోంది," అన్నారు, కొంచెం ఆశ్చర్యంగా. తర్వాత కొడుకుని పైనుంచి కింది దాకా చూశారు. "నా గుండె గురించి భయపడి ఇన్నాళ్ళూ అబద్ధాలాడావన్నమాట. నా భయం నాకు చాలదూ, నీ భయం కూడానా? మీ అమ్మని ఒప్పించుకో. నాకైతే ఆ పిల్ల మాట మీద నమ్మకముంది."

"నేనెప్పుడు కాదన్నాను?" అన్నారు కామేశ్వరి గారు. "పెళ్ళి ఎక్కడ, ఎలాగ అన్నది మాత్రం వాళ్ళమ్మా నేనూ కూర్చుని తేల్చుకోవాలి. మగాళ్ళకొదిలేస్తే మళ్ళీ ఏ మూలో వెతుకుతారు."

విశ్వతేజ రెబెక్కా వైపు తిరిగాడు. ఆమె రిజిస్టర్ ఛాతీకి అదుముకుని నిలబడి ఉంది.

"అందరూ చెప్పారు. నువ్వు చెప్పలేదు," అన్నాడు.

"నా కోపం ఇంకా పోలే."

"తెలుసు. ఎన్నాళ్ళైనా ఉంచుకో. ఒప్పుకుంటావా లేదా, అది చెప్పు."

రెబెక్కా వీధి జనాన్ని చూసింది, తండ్రిని చూసింది. ఆమె మొహం ఎర్రబడింది.

"నేనెప్పుడో ఒప్పుకున్న," అంది. "లేకుంటే గా పొద్దు కొలవకుంట సంతకం పెడ్తనా?"